మూడుకు ఒకటి చాలునా?
తెర మీది బటన్లు, గడులు, పటాల రంగుల తేడాపై సమీక్ష

వెబ్‌పేజీ మీది అక్షరాలు చదవగలగడం ఒక ఎత్తు, ఆ పేజీతో పని జరిపించుకోగలగడం మరో ఎత్తు. ఆధార్ నంబరు కొట్టాల్సిన గడి ఎక్కడుంది, ఒప్పుకున్నట్టు టిక్ పడిందా లేదా, నొక్కాల్సిన బటన్ ఏది, వాన హెచ్చరికల పటంలో వనపర్తి జిల్లా ఏ రంగులో ఉంది? వీటికి జవాబు చెప్పేవి అక్షరాలు కావు, గీతలూ ఆకారాలూ రంగులూను. ఆకారం కంటికి ఆనాలంటే దాని రంగుకూ పక్క రంగుకూ మధ్య చాలినంత తేడా ఉండాలి. డిజైనర్లు కాంట్రాస్ట్ అనేది దీన్నే. బటన్లకూ బొమ్మలకూ సంబంధించి ఈ తేడాకు 2018 నుంచి ఒక కొలత అమల్లో ఉంది: కనీసం 3:1. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చింది, వేటికి వర్తిస్తుంది, అసలు చాలుతుందా అన్న ప్రశ్నల మీద మాత్రం వాదన సాగుతూనే ఉంది.

అంకె వెనుక కథ

వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ అందుబాటు మార్గదర్శకాల తొలి కూర్పును 1999 మే 5న వెలువరించింది. ముందున్న రంగుకూ వెనకున్న రంగుకూ మధ్య ‘తగినంత’ తేడా ఉండాలన్నది తప్ప అందులో అంకె లేదు. దానికి తోడుగా వచ్చిన ఒక సాంకేతిక పత్రం వెలుగులో 125, రంగులో 500 పాయింట్ల తేడా ఉండాలని సూచించింది. అది సూచనగానే మిగిలిపోయింది.

2008 డిసెంబర్ 11న వచ్చిన రెండో కూర్పు, డబ్ల్యూసీఏజీ 2.0, లెక్కను బిగించింది. మామూలు అక్షరాలకు 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1, మరింత కట్టుదిట్టమైన స్థాయి కోరుకునేవారికి 7:1. మూడు అన్నది అంతకు ముందే కంప్యూటర్ తెరల కోసం రాసిన ఐఎస్ఓ, అమెరికన్ ప్రమాణాల నుంచి తీసుకున్నది. మామూలు చూపున్నవారికి అది కనీస హద్దు. చూపు 6/12కు తగ్గినవారిలో రంగుల తేడాను పట్టే శక్తి సుమారు ఒకటిన్నర రెట్లు తగ్గుతుందన్న అంచనాతో మూడును ఒకటిన్నరతో హెచ్చిస్తే నాలుగున్నర వచ్చింది. సుమారు 6/24 చూపున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఏడు పెట్టారు.

ఈ లెక్కంతా అక్షరాల కోసమే. బటన్లు, ఐకాన్లు, గ్రాఫుల ఊసు దాదాపు పదేళ్లు మార్గదర్శకాల్లో లేదు. సరిగ్గా ఆ పదేళ్లలోనే తెరల రూపం మారిపోయింది. 2012లో విండోస్ 8, 2013లో ఐఓఎస్ 7, 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ వచ్చాక ఉబ్బెత్తు బటన్లు, లోతుగా కనిపించే గడులు పోయాయి. వాటి చోట పల్చటి బూడిద గీతలు, అంచుల్లేని బటన్లు చేరాయి. అక్షరాలు నిబంధన ప్రకారం నల్లగానే ఉన్నాయి, వాటిని నింపాల్సిన గడి మాత్రం తెల్లకాగితంలో కలిసిపోయింది. 2018 జూన్ 5న విడుదలైన డబ్ల్యూసీఏజీ 2.1లో చేరిన 1.4.11 నిబంధన ఈ లోటును పూడ్చేందుకు వచ్చింది. ఒక కంట్రోల్‌నూ దాని స్థితినీ గుర్తించడానికి, ఒక బొమ్మను అర్థం చేసుకోవడానికి అవసరమైన భాగాలకు పక్క రంగులతో కనీసం 3:1 తేడా ఉండాలని అది చెబుతుంది. పెద్ద అక్షరాలకున్న అంకెనే బొమ్మలకూ వర్తింపజేశారు. ఇక్కడొక సంగతి గమనించాలి. చూపు తగ్గినవారి కోసం అక్షరాలకు కలిపిన ఒకటిన్నర రెట్ల దన్ను ఈ అంకెలో లేదు. పరిమాణంలో పెద్దవి కాబట్టి అవసరం లేదన్నది వాదన. ఒక పిక్సెల్ మందమున్న గీత విషయంలో ఆ వాదన నిలవదు.

వర్ణం వేరు, వెలుగు వేరు

నిబంధన కొలిచేది వర్ణాన్ని కాదు, వెలుగును. ప్రతి రంగులోని ఎరుపు పాలుకు 0.2126, ఆకుపచ్చకు 0.7152, నీలానికి 0.0722 వంతున విలువ కట్టి కలిపితే సున్నా (నలుపు) నుంచి ఒకటి (తెలుపు) వరకు ఒక సంఖ్య వస్తుంది. తెర మీద పడి తిరిగొచ్చే వెలుతురు కింద రెండు రంగుల సంఖ్యలకూ 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తారు. నలుపు తెలుపుల మధ్య గరిష్ఠంగా 21:1 వస్తుంది.

దీని ఫలితం ఎంత విడ్డూరంగా ఉంటుందో గద్వాల చీర చెబుతుంది. నూలు ఒంటికి పట్టు అంచునూ కొంగునూ కలిపి నేసే ఆ చీరకు పేరు తెచ్చినదే ఒంటికీ అంచుకూ ఉండే ఎదురు రంగుల జోడు. ఆకుపచ్చ ఒంటికి ఎర్రంచు వేస్తే ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. అవే రంగులను వెబ్‌లోని ప్రామాణిక ఎరుపు, ప్రామాణిక ముదురు ఆకుపచ్చగా తీసుకుని లెక్క వేస్తే తేడా 1.28:1. సూత్రం దృష్టిలో రెండూ దాదాపు ఒకే రంగు. నేతగాడి లెక్క తప్పు కాదు, సూత్రం లెక్కా తప్పు కాదు. వర్ణాల తేడా మామూలు కళ్లకు పసిగట్టడం తేలిక, ఎరుపు ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని కళ్లకు మిగిలేది వెలుగు తేడా ఒక్కటే. అందువల్ల ‘సమర్పించు’ బటన్ ఆకుపచ్చగా, ‘రద్దు’ బటన్ ఎర్రగా ఉంటే చాలదు. రెండింటికీ పేరు ఉండాలి, రెండూ వెనకనున్న రంగు నుంచి విడిగా కనిపించాలి.

పసుపు సంగతి ఇంకోటి. అచ్చ పసుపుకూ తెలుపుకూ తేడా 1.07:1. తెల్ల పేజీ మీద పసుపు నక్షత్రాలతో రేటింగ్ చూపే దుకాణాల సైట్లన్నీ చుట్టూ ముదురు గీత గీయకపోతే ఈ పరీక్షలో తప్పినట్టే.

గీత అవసరం ఎప్పుడు

1.4.11 మీద ఎక్కువ తగవులు ‘గుర్తించడానికి అవసరమైన’ అన్న షరతు దగ్గరే వస్తాయి. ప్రతి బటన్‌కూ అంచు ఉండాలని నిబంధన అనదు. బటన్ మీది మాట స్పష్టంగా చదవగలిగితే, అది బటనేనని అర్థమైతే, వెనక రంగు ఎంత లేతగా ఉన్నా ఒప్పుకుంటారు. ఖాళీ గడి అలా కాదు. అందులో మాట ఉండదు, గీతే దాని ఉనికి. ఆ గీత లేతదైతే గడి లేనట్టే. టిక్ పెట్టె సంగతీ అంతే, పైగా లోపలి టిక్ గుర్తు కూడా పెట్టె రంగు నుంచి వేరుగా కనబడాలి.

బూడిద రంగులో 0 నుంచి 255 వరకు మెట్లుంటాయి. తెలుపు మీద 148వ మెట్టు బూడిదకు 3.03:1 వస్తుంది, 149వ మెట్టుకు 2.99:1. ఒకటి నెగ్గింది, మరొకటి ఓడింది. పైకి సవరించే వీలు లేదు, 2.999 వచ్చినా ఓటమే. మనిషి కంటికి ఆ రెండు మెట్ల మధ్య తేడా తెలియదు. తనిఖీదారుకు మాత్రం ఇది వరం, ఎందుకంటే వాదనకు తావుండదు.

మూడు మినహాయింపులున్నాయి. పనిచేయని స్థితిలో ఉన్న బటన్లకు ఈ నిబంధన వర్తించదు. బ్రౌజర్ ఇచ్చిన రూపాన్ని మార్చకుండా వాడిన గడులకూ వర్తించదు. లోగో, జాతీయ జెండా, ఫొటోల వంటివాటికీ వర్తించదు, వాటి రంగులు మారిస్తే అవి అవిగా ఉండవు కాబట్టి.

వీటిలో మొదటిదే ఎక్కువ ఆక్షేపణకు గురైంది. దరఖాస్తు పూర్తి కానంతవరకు ‘ముందుకు’ బటన్‌ను లేతగా ఉంచడం ప్రభుత్వ సైట్లలోనూ ప్రైవేటు సైట్లలోనూ మామూలే. చూపు మందగించినవారికి అక్కడ బటన్ ఉందనే తెలియదు. ఏదో గడి మిగిలిపోయిందన్న సూచనా అందదు. పనిచేయనిదాన్ని పనిచేయనిదిగా చూపాలంటే మసకబార్చడం తప్ప దారి లేదని సమర్థకులు అంటారు. బటన్‌ను ఎప్పుడూ నొక్కనిచ్చి, ఏ గడి ఖాళీగా ఉందో అప్పుడు చెబితే సరిపోతుందన్నది ఎదుటి పక్షం మాట. రెండోదే మెరుగు. మినహాయింపు ఉందంటే వాడుకోవాలని కాదు కదా.

ఏ అంకె, ఎవరి అంకె

ఈ చర్చలో మూడు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది ఉన్న సూత్రాన్నే నమ్ముకున్న వర్గం. సూత్రంలో లోపాలున్నాయని వీళ్లూ ఒప్పుకుంటారు. కానీ ఎవరైనా లెక్కగట్టగల, కోర్టులో నిలబడగల కొలత ఇదొక్కటే అంటారు. ఐరోపా, అమెరికా, భారత్ నిబంధనలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

రెండోది కంటి తీరును ఆధారం చేసుకోవాలనే వర్గం. వీళ్ల అభ్యంతరానికి మంచి ఉదాహరణ నల్ల తెర. తెల్ల నేపథ్యంలో 148వ మెట్టు బూడిద గీత ఎలా 3:1 దాటుతుందో, నల్ల నేపథ్యంలో 90వ మెట్టు బూడిద గీత కూడా అలాగే దాటుతుంది. కాగితం మీద రెండూ సమానం. చూస్తే మాత్రం రెండోది చీకట్లో కలిసిపోయినట్టుంటుంది. డార్క్ మోడ్ వాడకం పెరిగేకొద్దీ ఈ లోపం బయటపడింది. ఆండ్రూ సోమర్స్ అనే పరిశోధకుడు 2019 నుంచి ఈ విమర్శను ముందుకు తెచ్చి, ఏపీసీఏ అనే మరో లెక్క రూపొందించారు. లేత మీద ముదురు, ముదురు మీద లేత అన్నవి దానికి ఒకటి కావు. గీత మందమూ అక్షరం పరిమాణమూ తీర్పులో భాగమే. 2021 జనవరిలో వచ్చిన డబ్ల్యూసీఏజీ 3 తొలి ముసాయిదాలో ఈ పద్ధతికి చోటు దక్కింది. 2023 ముసాయిదాలో దాన్ని తీసేశారు. మరిన్ని స్వతంత్ర పరిశోధనలు కావాలని కొందరు, ఒక్క వ్యక్తి రూపొందించిన సూత్రం మీద ప్రపంచ ప్రమాణం నిలబెట్టలేమని కొందరు అన్నారు. డార్క్ మోడ్ మీద ఆయన చేసిన విమర్శకు మాత్రం గట్టి జవాబు ఎవరూ ఇవ్వలేదు.

మూడో వర్గం అంకెల జోలికే పోదు. అందరికీ ఒకే రంగులు ఎందుకు, వాడేవారినే ఎంచుకోనివ్వండి అంటుంది. విండోస్‌లోని హై కాంట్రాస్ట్ ఏర్పాటు, బ్రౌజర్లు సైటుకు అందించే ‘ఎక్కువ కాంట్రాస్ట్ కావాలి’ అన్న సంకేతం ఇలాంటివే. శుక్లాలు ముదిరిన కంటికి తెల్ల తెర వెలుగే బాధ, మరొకరికి నల్ల తెరే బాధ. కాబట్టి ఇందులో న్యాయం ఉంది. చిక్కేమిటంటే, ఫోన్ సెట్టింగుల లోతుల్లోకి వెళ్లి ఆ మీట వెతికి పట్టుకోవాల్సింది కళ్లు సరిగా కనిపించనివారే. మీసేవ కేంద్రంలో ఆపరేటర్ కంప్యూటర్ తెర మీద వివరాలు సరిచూసుకునే దరఖాస్తుదారుకు ఆ మీట అసలు అందదు.

క్లుప్తంగా పోల్చితే, మొదటి పద్ధతిలో తనిఖీ సులువు, తీర్పు మొరటు. రెండోదాంట్లో తీర్పు నిశితం, తనిఖీ కష్టం, చట్టబలం లేదు. మూడోది మొదటి రెండింటికీ తోడుగా పనికొస్తుంది గాని వాటి స్థానంలోకి రాలేదు.

పటంలో నాలుగు రంగులు

బొమ్మల విషయంలో అంకెల వాదం ఒక గోడకు కొట్టుకుంటుంది. భారత వాతావరణ శాఖ వాన, వడగాలి హెచ్చరికలను ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అనే నాలుగు రంగుల్లో ఇస్తుంది. ముప్పు లేదు, గమనిస్తూ ఉండండి, సిద్ధంగా ఉండండి, చర్య తీసుకోండి అని వాటి వరుస. వానాకాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏ రంగులో ఉన్నాయన్నది కృష్ణా తీరంలో ఉబుసుపోక అడిగే ప్రశ్న కాదు.

వెబ్‌లోని ప్రామాణిక రంగులతో లెక్క వేస్తే పసుపుకూ నారింజకూ తేడా 1.84:1, నారింజకూ ఎరుపుకూ 2.02:1. పక్కపక్క జిల్లాలు ఈ జతల రంగుల్లో ఉంటే సరిహద్దు నిబంధన ప్రకారం కనబడనట్టే. మరి వేరే నాలుగు రంగులు ఎంచుకుంటే? లేత నుంచి ముదురుకు వెళ్లే నాలుగు మెట్ల వరుసలో ప్రతి మెట్టుకూ 3:1 కావాలంటే మూడును మూడుసార్లు హెచ్చించాలి, ఇరవై ఏడు వస్తుంది. తెర ఇవ్వగలిగిందే ఇరవై ఒకటి. అంటే ఏ డిజైనరూ ఏ రంగులతోనూ దీన్ని సాధించలేడు. మూడు మెట్లయితే కుదురుతుంది, నాలుగోది గణితమే ఒప్పుకోదు.

పరిష్కారం రంగుల్లో లేదు, గీతలో ఉంది. ఆ నాలుగు రంగుల్లో దేని పక్కనైనా నల్ల గీతకు 4:1 పైనే తేడా వస్తుంది. జిల్లాల మధ్య నల్లని సరిహద్దు గీస్తే ఆకారాలు విడివడతాయి. అయినా ఏ ఆకారం ఏ హెచ్చరికో తెలియాలంటే జిల్లా పేరు పక్కన ఒక మాటో గుర్తో ఉండక తప్పదు. రంగు ఒక్కదానితోనే సమాచారం చెప్పకూడదన్నది మార్గదర్శకాల్లో మరో నిబంధన, 1.4.1. గ్రాఫులకూ ఇదే వర్తిస్తుంది. వృత్తాకార చిత్రంలో ముక్కల మధ్య తెల్ల గీత, ముక్క పక్కనే పేరూ విలువా రాస్తే సగం తగవు తీరిపోతుంది. రంగుల పట్టిక ఒక మూల, గ్రాఫు మరో మూల పెట్టే అలవాటు ఎందుకు పోదో అర్థం కాదు.

ఎండలో తెర, శుక్లమున్న కన్ను

సూత్రంలో కలిపే 0.05 గది వెలుతురుకు సరిపోయే అంచనా. గద్వాల వైపు నడిగడ్డ పత్తి చేలలోనో మార్కెట్ యార్డులోనో మిట్టమధ్యాహ్నం ఫోన్ తీస్తే తెర మీద పడి తిరిగొచ్చే వెలుతురు అంతకు ఎన్నో రెట్లు. అది తెర తెలుపులో సగమంత అనుకుని 0.05 బదులు 0.5 పెడితే నలుపు తెలుపుల మధ్య 21:1 కాస్తా 3:1కు దిగుతుంది. గదిలో 3:1 నెగ్గిన బూడిద గీతకు 1.9:1 కూడా మిగలదు. నిబంధన పాటించిన గడి ఎండలో మాయమవుతుంది. అక్కడ గీతను ముదురు చేస్తేనే ప్రయోజనం, అదీ మందంగా.

కంటి సంగతి ఇంకా ముఖ్యం. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996–2000 మధ్య జరిపిన ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామాలను ఎంచుకుంది. అందులో 10,293 మందిని పరీక్షించారు. 1.84 శాతం మందిలో అంధత్వం కనిపించింది, కారణాల్లో శుక్లాలది మొదటి స్థానం. నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికి మహబూబ్‌నగర్‌లోనివే, 2016 అక్టోబర్ 11న విడి జిల్లాలయ్యాయి. నాగర్‌కర్నూల్ దగ్గరి తూడుకుర్తిలో అదే సంస్థకు కంటి కేంద్రం ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టిన కంటి వెలుగు శిబిరాలు ఊళ్లలోనే పరీక్షలు చేసి కళ్లద్దాలిచ్చాయి. కళ్లద్దాలు మసకను సరిచేస్తాయి. శుక్లం వల్ల కంటిలో చెదిరే వెలుగును సరిచేయలేవు. చార్టు మీది నల్లక్షరాలు చదివేసిన మనిషే తెర మీది లేత గీతను పట్టలేకపోవడానికి కారణం అదే.

చట్టం ఎక్కడ నిలిచింది

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద 2017 నియమాలు ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలను ప్రమాణంగా చూపాయి. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802ను 2021, 2022లలో రెండు భాగాలుగా వెలువరించింది. 2023 మేలో నియమాలను సవరించి దాన్ని చేర్చారు. అదే ఏడాది వచ్చిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల 3.0 కూర్పు కూడా డబ్ల్యూసీఏజీ 2.1లోని మూడు స్థాయిల్లో మధ్యదాన్నే కోరుతుంది. ఆ దారిన 3:1 మన ప్రభుత్వ పోర్టళ్లకూ చేరింది.

2024 నవంబర్ 8న రాజీవ్ రటూరీ కేసులో సుప్రీంకోర్టు 2017 నియమాల్లోని 15(1) నియమం చట్టానికి విరుద్ధమని తేల్చింది. నియమాలు సలహాల్లా ఉన్నాయి, తప్పనిసరి కనీస ప్రమాణాలు వేరుగా ఉండాలన్నది తీర్పు సారం. హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం ఇచ్చిన నివేదిక ఆ తీర్పుకు ఊతమైంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు డిజిటల్ సేవల అందుబాటును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ‘తగినంత’ అన్న మాటతో 1999లో మొదలైన ప్రయాణంలో అంకెకు ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. సలహాను అమలు చేయించలేం, కొలతను అమలు చేయించవచ్చు.

ఇంకా తేలనివి

గీత మందం మొదటిది. 1.4.11లో మందం ఊసే లేదు. కీబోర్డుతో తిరిగేవారికి ప్రస్తుతం ఏ బటన్ మీద ఉన్నారో చూపే చట్రానికి 2023 అక్టోబర్ 5న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 2 పిక్సెళ్ల మందాన్ని కోరింది గాని, అత్యున్నత స్థాయిలో పెట్టడం వల్ల అది ఎవరికీ తప్పనిసరి కాలేదు.

తనిఖీ రెండోది. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల సైట్ల ముఖపుటలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 79.1 శాతం పుటల్లో అక్షరాలకే తగినంత కాంట్రాస్ట్ లేదు. బటన్లు, బొమ్మల లెక్క ఇందులో లేదు. ఏ గీత అవసరమైనదో, ఏది అలంకారమో యంత్రం తేల్చలేదు, మనిషే కూర్చుని చూడాలి.

మూడోది తెలుగుకు సంబంధించింది. పెద్ద అక్షరం అంటే 18 పాయింట్లు, మందమైనదైతే 14 అని నిర్వచించి, చైనీస్, జపనీస్, కొరియన్ లిపులకు తత్సమాన పరిమాణం చూసుకోమన్నారు. తెలుగు ప్రస్తావన లేదు. అదే 18 పాయింట్లలో ఇంగ్లిష్ అక్షరం పెద్దదే, ‘స్త్ర’ కింది వత్తులు మాత్రం చిన్నవే. బటన్ మీది తెలుగు మాటకు పెద్ద అక్షరాల సడలింపు ఇవ్వడం న్యాయమా అన్నది ఎవరూ గట్టిగా పరిశీలించలేదు. పరిశీలన జరిగేదాకా తెలుగు మాటకు ఏ పరిమాణంలోనైనా 4.5:1 పాటించడమే క్షేమం.

డబ్ల్యూసీఏజీ 3 ఇంకా ముసాయిదా దశ దాటలేదు. కొత్త సూత్రం రాకముందు 3:1ను వదిలేయడానికి ఏ కారణమూ లేదు, దాన్నే గమ్యంగా భావించడానికీ లేదు. గడి చుట్టూ 2 పిక్సెళ్ల ముదురు గీత, పటంలో నల్ల సరిహద్దు, ప్రతి రంగుకూ ఒక మాట ఉండాలి. వీటికి కొత్త సూత్రంతో పని లేదు, అదనపు ఖర్చూ లేదు. పోర్టళ్లు కట్టించే శాఖలు టెండరు పత్రంలోనే ఈ మూడు షరతులూ రాయాలి.